మూడు మీటర్ల దాకా వెళ్లి వెనక్కి

2025 జనవరి 12, ఆదివారం. తెల్లారితే భోగి. ఇంట్లో ఒకపక్క అరిసెల పాకం, ఇంకోపక్క పిల్లల గోల. మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి, "మావయ్యా, మళ్లీ ఫెయిలంట" అన్నాడు. ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం సంగతి. డిసెంబర్ 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన రెండు ఉపగ్రహాలు, ఒక్కోటీ 220 కిలోలు, పైన ఒకదాన్నొకటి పట్టుకోవాలి. జనవరి 7న అన్నారు, 9న అన్నారు, రెండూ వాయిదా పడ్డాయి. ఆ ఆదివారం అవి 15 మీటర్ల దగ్గరికి, అక్కణ్నుంచి 3 మీటర్ల దగ్గరికి వచ్చాయి. వచ్చి మళ్లీ దూరం జరిగాయి. వాడి కాలేజీ గ్రూపులో అప్పటికే వెక్కిరింపులు మొదలయ్యాయి.

"ఫెయిల్ కాదురా. అంత దగ్గరికెళ్లి వెనక్కి రావడమే కష్టం" అన్నాను. వాడు నమ్మలేదు. పండగ హడావుడిలో వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నాది విశాఖపట్నం. ఓడలకు సరుకులు అందించడం మా పని. షిప్ ఛాండ్లర్ అంటారు. మా నాన్న మొదలుపెట్టారు, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. బియ్యం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, గడ్డకట్టిన మాంసం, సబ్బులు, తాళ్లు, రంగు డబ్బాలు, ఇలా ఓడ వంటవాడు ఇండెంట్‌లో ఏది రాస్తే అది. ఓడ బెర్తులో ఉంటే వ్యాన్‌లో తీసుకెళ్లి దింపేస్తాం. బెర్తు దొరక్క బయట లంగరేసి ఉంటే లాంచీలో వెళ్లాలి. అసలు కథంతా ఆ లాంచీ ప్రయాణంలోనే ఉంటుంది. అందుకే అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసే మనిషి లేని నౌకల గురించి ఎక్కడ కనపడినా వదలకుండా చదువుతాను. ఇరవై ఏడేళ్లుగా ఇదే అలవాటు.

ఈ పని మొదట చేసి చూపించింది సోవియట్ వాళ్లు. 1978 జనవరి 20న ప్రోగ్రెస్-1 బయల్దేరింది, 22న సల్యూట్-6 కేంద్రాన్ని చేరింది. లోపల రొమానెంకో, గ్రెచ్‌కో ఉన్నారు. కొత్త నౌక కోసం వాళ్లు మొదటినుంచీ మొదలుపెట్టలేదు. మనుషులు వెళ్లే సోయజ్‌నే తీసుకుని, మధ్యలో మనిషి కూర్చునే గది తీసేసి, అక్కడ ఇంధనం ట్యాంకులు పెట్టారు. తిరిగి భూమికి రావాల్సిన అవసరం లేదు కాబట్టి వేడిని తట్టుకునే కవచం అక్కర్లేదు, పారాచ్యూట్ అక్కర్లేదు. ఆ బరువంతా సరుకుకి మిగిలింది. దాదాపు 2.3 టన్నులు తీసుకెళ్లింది, అందులో టన్ను ఇంధనమే. రెండు నౌకలను కలిపి ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి ఇంధనం పట్టడం అప్పుడే మొదలు. అప్పటిదాకా కేంద్రంలో మనిషి ఎన్నాళ్లుండాలన్నది వెంట తీసుకెళ్లిన మూట నిర్ణయించేది. వాళ్లిద్దరూ ఆ విడత 96 రోజులున్నారు.

సరుకు రాకపోతే ఏమవుతుందో 2004లో తెలిసింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలిపోయాక, మనుషుల్నీ సరుకునీ మోసే అమెరికా షటిల్స్ రెండేళ్లకు పైగా ఎగరలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ముగ్గురుండే చోట ఇద్దరినే ఉంచారు, ప్రోగ్రెస్‌లు తెచ్చేది వాళ్లకే సరిపోతుందని. ఆ ఏడాది చివర లెరాయ్ చావ్, సలిజాన్ షరిపోవ్ ఉన్నప్పుడు తిండి నిల్వలు అనుకున్నదానికంటే బాగా తక్కువున్నాయని తేలింది. తగ్గించి తినమన్నారు. వచ్చే ప్రోగ్రెస్ చేరకపోతే కేంద్రం ఖాళీ చేసి దిగిపోవాల్సిందే. అది డిసెంబర్ 25న చేరింది. నేను ఓడ స్టోర్లలో ఖాళీ అరలు చూసినవాణ్ని. అడుగున నాలుగు ఉల్లిపాయలు మొలకలెత్తి ఉంటాయి, వంటవాడు మన మొహంలోకి చూస్తూ ఉంటాడు. ఆ ఇద్దరి క్రిస్మస్ ఎలా గడిచుంటుందో నేను ఊహించగలను.

ఇక మా లాంచీ నడిపే సరంగు సంగతి.

1997 జూన్. నాకు ఇరవై నాలుగేళ్లు, పనిలోకి కొత్త. లంగరు మీదున్న ఒక ఓడకి రెండు టన్నుల పైచిలుకు సరుకు ఇవ్వాలి. వాళ్లు మర్నాడు పొద్దున్నే వెళ్లిపోతారు. మధ్యాహ్నం లాంచీ ఎక్కాం. డాల్ఫిన్స్ నోస్ దాటగానే అల మారింది. పైకి నురుగేమీ లేదు, నీళ్లు నున్నగానే ఉన్నాయి, కానీ అడుగునుంచి పెద్ద పొంగు. ఓడ పక్కకి చేరాం. కళాసీలు లాంచీ అంచున లారీ టైర్లు వేలాడదీశారు. ఓడ పైనుంచి మోకు విసిరారు. మాకూ ఓడ రేకుకీ మధ్య రెండు మూడు బారలు. రేకు మీద తుప్పు మరకలు, గీతలు గీతలుగా దిగిన తడి, అన్నీ కనిపిస్తున్నాయి. అప్పుడు సరంగు మామ ఇంజన్ వెనక్కి వేశాడు. ఒక చుట్టు తిరిగి మళ్లీ వెళ్లాడు. మళ్లీ అంతే దూరం, మళ్లీ వెనక్కి. మూడోసారి ఇక తిప్పేసి రేవు వైపు పెట్టాడు.

"మామా, రెండు బారలే కదా!" అని అరిచాను.

"ఈ పొంగు మీద కట్టకూడదు బాబూ. రాత్రికి తగ్గుద్ది, అప్పుడొద్దాం."

రాత్రికి తగ్గలేదు. ఓడ వెళ్లిపోయింది. కోడిమాంసం కరిగిపోయి సగం ధరకి అమ్ముకున్నాం. నాన్న ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం సరంగు మీద కోపం పోలేదు. ఆ కోపంలో ఉండగానే పేపర్లో రష్యా వాళ్ల అంతరిక్ష కేంద్రం మీర్ వార్త చూశాను.

1997 జూన్ 25న మీర్ కేంద్రం దగ్గర జరిగింది ఇది. ప్రోగ్రెస్ ఎమ్-34 సరుకు దించేసి, విడిపోయి బయట ఉంది. ప్రోగ్రెస్‌లు తమంతట తాము వచ్చి తగులుకోవడానికి కుర్స్ అనే రాడార్ పరికరం ఉంటుంది. అది ఉక్రెయిన్‌లో తయారయ్యేది. సోవియట్ యూనియన్ విడిపోయాక అది వేరే దేశం సరుకు, ఖరీదు పెరిగింది. అది లేకుండా, లోపలున్న మనిషే టీవీ తెర చూస్తూ నడపగలడా అని పరీక్ష పెట్టారు. కమాండర్ వసీలీ సిబ్లియేవ్ చేతిలో రెండు మీటలు, ముందు ఒక తెర. తెర మీద మీర్ బొమ్మ, దాని వెనక భూమి మీది మేఘాలు. తెల్ల మేఘాల మీద కేంద్రం ఆనవాలు సరిగా తెలియడం లేదు. కుర్స్ ఆపేసి ఉంది కాబట్టి దూరమెంత, వేగమెంత అని చెప్పే అంకె లేదు. అలెగ్జాండర్ లజూత్కిన్ కిటికీల దగ్గర వెతుకుతున్నాడు. ఆయనకి కనిపించేసరికి ఏడు టన్నుల నౌక మీదికి వచ్చేసింది. అమెరికన్ మైఖేల్ ఫోల్‌ని సోయజ్‌లోకి వెళ్లమని అరిచాడు. బ్రేకు వేశారు, చాలలేదు. స్పెక్టర్ గది సౌరఫలకాన్ని ఢీకొట్టి, గది గోడకి చిల్లు పెట్టింది. గాలి పోతోందని చెవులకే తెలిసిపోయింది. తలుపు మూద్దామంటే గుమ్మంలోంచి కేబుళ్ల కట్టలు. ఊడినవి ఊడదీసి, ఊడనివి కోసేసి, మూత పెట్టి గదిని వదిలేశారు. ముగ్గురూ బతికారు. స్పెక్టర్ ఫలకాలతో పాటు కేంద్రం కరెంటులో పెద్ద భాగం పోయింది.

పేపర్లో వచ్చింది చిన్న వార్తే. ఈ వివరాలన్నీ తర్వాత ఏళ్ల తరబడి చదివి తెలుసుకున్నవి. కానీ ఆ చిన్న వార్త చదివినప్పుడే మోకు పట్టుకుని నిలబడ్డ మా కళాసీలు గుర్తొచ్చారు. సిబ్లియేవ్‌ది తప్పని నేను అనను. దూరం చెప్పే అంకె ఇవ్వకుండా, ఏ దూరంలో ఆగాలో ముందే గీత గీయకుండా, మనిషి చేతికి మీటలిచ్చి పంపారు. మా సరంగుకి ముప్పై ఏళ్లుగా కంటితో కొలిచిన అలవాటైనా ఉంది.

అయినా నాకు పూర్తిగా బుర్రకెక్కలేదు. ఇది రాయడం నాకు తేలిక కాదు. 2006లో మామ మానేశాక వేరే సరంగుని పెట్టుకున్నాం. అలాంటి పొంగే ఒకరోజు వచ్చింది. అతను వద్దన్నాడు. నేను ఫోన్లో, "ఏం కాదు, కట్టెయ్, పార్టీ పోతుంది" అన్నాను. కట్టాడు. టైరుకీ రేకుకీ మధ్య ఒక కళాసీ కుర్రాడి చెయ్యి పడింది. రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి ఖర్చు, నష్టపరిహారం అన్నీ పెట్టుకున్నాను. ఇప్పటికీ మా గోడౌన్‌లోనే పని చేస్తున్నాడు. టీ గ్లాసు అతను ఎడమచేత్తో అందుకుంటాడు. అలా అందుకున్న ప్రతిసారీ ఆ ఫోన్ మాట నాకు వినపడుతుంది.

2008లో యూరప్ వాళ్ల మొదటి సరుకు నౌక జూల్ వెర్న్ వార్తలు చదువుతున్నప్పుడు నాకు ఎక్కడ లేని ఆసక్తి పుట్టింది అందుకే. ఏటీవీ అంటారు, దాదాపు ఇరవై టన్నులు, ప్రోగ్రెస్‌కి మూడు రెట్లు. మార్చి 9న వెళ్లింది. మనమైతే రెండు మూడు రోజుల్లో తగిలించేస్తాం. వాళ్లు ముందు వెనక్కి రావడం చేసి చూపించారు. మార్చి 29న మూడున్నర కిలోమీటర్ల దాకా వచ్చి ఆగి వెళ్లిపోయింది. 31న పదకొండు మీటర్ల దాకా వచ్చింది. అన్నీ బాగున్నాయి, గురి కుదిరింది, ఇంకాస్త జరిగితే తగులుకుంటుంది. అక్కడ కావాలనే "తప్పుకో" అని ఆదేశమిచ్చారు. అంత పెద్ద నౌకా బుద్ధిగా వెనక్కి జరిగి వెళ్లిపోయింది. ఏప్రిల్ 3న గానీ కట్టలేదు. ఇంకో ఏర్పాటు కూడా చేశారు. నడిపే కంప్యూటర్లు వేరు, వాటిని కనిపెట్టి ఉండి ప్రమాదమనిపిస్తే నౌకని పక్కకు లాగే కంప్యూటర్లు వేరు. రెండింటికీ రాసిన సాఫ్ట్‌వేర్ కూడా వేరు. సరుకు చేర్చాలన్న ఆరాటం ఉన్నవాడి చేతిలో వెనక్కి తిప్పే నిర్ణయం ఉండకూడదని వాళ్లకి ఎవరు చెప్పారో గానీ, నేను రెండు వేళ్ల ఖరీదుకి నేర్చుకున్నాను.

జపాన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2009లో మొదలైన వాళ్ల హెచ్‌టీవీ, ముద్దుపేరు కౌనొతోరి, అంటే కొంగ, అసలు కేంద్రాన్ని తాకదు. కింది వైపు నుంచి నెమ్మదిగా పైకొచ్చి, పది మీటర్ల దూరంలో నిలబడి, ఇంజన్లు ఆపేసుకుంటుంది. కేంద్రం తన రోబో చేయి చాపి పట్టుకుని తగిలించుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే లాంచీని ఓడకి కట్టకుండా పక్కన నిలబెడితే ఓడ క్రేనే కొక్కెం దింపి సరుకు లాక్కోవడం. కిందినుంచే ఎందుకంటే, భూమికి దగ్గరున్న కక్ష్యలో వేగం ఎక్కువ. ఇంజన్ ఆగిపోయినా నౌక కేంద్రం మీద పడదు, కింది కక్ష్య వేగంతో ముందుకి జారిపోయి దూరమైపోతుంది. అంటే ఏమీ చేయకపోయినా వెనక్కి తగ్గినట్టే. ఇది చదివిన రోజు నేను కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ అర్థం చేసుకున్నాను. తొమ్మిది కొంగలు వెళ్లాయి, తొమ్మిదీ చేరాయి.

2012 మే 25న అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ సరుకు నౌక డ్రాగన్ మొదటిసారి కేంద్రానికి చేరినప్పుడూ ఇంతే. దూరం కొలిచే లేజర్‌కి కేంద్రంలోని జపాన్ గది కిబో మీద పడి తిరిగొచ్చిన వెలుతురు అడ్డొచ్చి తప్పుడు కొలతలు వచ్చాయి. వెనక్కి తెచ్చారు. లేజర్ చూసే పరిధిని తగ్గించి, కిబో దాని కంట పడకుండా చేసి, మళ్లీ వెళ్లారు. మన టైము రాత్రి ఏడున్నర అవుతుండగా డాన్ పెటిట్ రోబో చేత్తో పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఇంకో అమెరికా కంపెనీ సరుకు నౌక సిగ్నస్ మొదటి ప్రయాణంలో కేంద్రం జీపీఎస్ లెక్కలు ఒక పద్ధతిలో పంపితే నౌక ఇంకో పద్ధతిలో ఎదురుచూసింది. లెక్క కుదరలేదని నౌక ఆ సమాచారాన్నే తీసుకోనంది. ఆగిపోయింది. 2013 సెప్టెంబర్ 22న చేరాల్సింది 29న చేరింది. వారం ఆలస్యమైంది, సరుకు భద్రంగా వెళ్లింది.

కొన్ని అంత దూరం కూడా వెళ్లవు. 2014 అక్టోబర్ 28న ఒక సిగ్నస్ రాకెట్ పైకి లేచిన పావు నిమిషంలో పేలిపోయింది. 2015 ఏప్రిల్ 28న వెళ్లిన ప్రోగ్రెస్ గిరగిరా తిరుగుతూ అదుపు తప్పింది. జూన్ 28న డ్రాగన్ రాకెట్ రెండు నిమిషాలు దాటాక ముక్కలైంది. ఎనిమిది నెలల్లో మూడు. ఆగస్టులో వెళ్లిన కొంగ చేరేదాకా నాకు టెన్షనే.

తిరుగు ప్రయాణం గురించి కూడా చెప్పాలి. మేం కొన్నిసార్లు ఓడ చెత్త వెనక్కి తెస్తాం. ఈ నౌకలూ అంతే. సరుకు దించాక వాడేసిన బట్టలు, పాడైన పరికరాలు, మరుగుదొడ్డి డబ్బాలతో నిండుతాయి. డ్రాగన్ ఒక్కటి భద్రంగా సముద్రంలో దిగుతుంది గానీ నేను చెప్పిన మిగతావన్నీ గాలిలో కాలిపోతాయి. 2020 అక్టోబర్‌లో వెళ్లిన సిగ్నస్‌కి కల్పనా చావ్లా పేరు పెట్టారు. కొలంబియాలో ఆమె పోయాకే షటిల్స్‌ని మాన్పించాలని నిర్ణయమైంది, షటిల్స్ ఉండవు కాబట్టే సరుకు పని కంపెనీల చేతికిచ్చారు, ఆ కంపెనీల నౌకల్లో ఒకటి ఆమె పేరుతో కేంద్రానికి చేరింది. అక్టోబర్ 5 మధ్యాహ్నం మూడింటికి రోబో చేయి దాన్ని పట్టుకుంటుంటే గోడౌన్‌లో బస్తాల మీద కూర్చుని చూశాను. జనవరిలో అది చెత్తతో విడిపోయి, ఆమె కాలిపోయిన ఆ గాలిలోనే కాలిపోయింది. ఆ వార్త చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

మనకీ సొంత కేంద్రం కావాలనుకుంటున్నాం. భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి గది 2028కి, మొత్తం 2035కి అన్నది లక్ష్యం. గదులు కలపాలన్నా, సరుకు చేర్చాలన్నా ముందు తగిలించడం రావాలి. స్పేడెక్స్ అందుకే. అందులో ఒక దాని పేరు ఛేజర్, రెండోది టార్గెట్. 470 కిలోమీటర్ల ఎత్తులో, గంటకి 27 వేల కిలోమీటర్లకు పైగా పోతూ, ఒకదానితో ఒకటి తగిలేటప్పుడు మాత్రం వేగం సెకనుకి 10 మిల్లీమీటర్ల లెక్కన ఉండాలి. జనవరి 8న అనుకున్నదానికంటే ఎక్కువ జారుతున్నాయని గమనించి ఆపారు. 12న మూడు మీటర్ల దాకా తెచ్చి చూసి, వెనక్కి పంపి, వచ్చిన లెక్కలన్నీ చూసుకున్నారు. 16న తగిలించారు. ఆ రోజు ముక్కనుమ.

ఆ సాయంత్రం అరిసెల డబ్బా పట్టుకుని జాలరిపేటలో సరంగు మామ ఇంటికెళ్లాను. ఎనభై దాటాడు. కళ్లు సరిగా ఆనవు. నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇస్రో వార్త చదివి వినిపించాను.

"మొన్న ఎంత దూరంలో ఎనక్కి లాగేరన్నావ్?"

"మూడు మీటర్లు మామా."

రెండు చేతులూ బార చాపి, తర్వాత ఒక చెయ్యి మడిచి చూసుకున్నాడు. "బారన్నర. ఇంకాస్త." తలూపాడు. "లోపల సరంగెవరు?"

"ఎవరూ లేరు. అదే వెళ్తుంది, అదే ఆగుతుంది. బెంగళూరులో కూర్చుని చూసుకుంటారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తగిలినప్పుడు ఎంత నెమ్మదిగా ఎల్లింది?" అన్నాడు.

సెకనుకి సెంటీమీటరు అని చెప్పాను. అదెంతో ఆయనకి తెలియలేదు. ఆయన చూపుడువేలు పట్టుకుని మంచం పట్టె మీద పెట్టి, నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ జరిపాను. అయిదు దాకా వచ్చేసరికి నన్ను వదిలెయ్యమన్నాడు. మిగతా దూరం తనే జరుపుకుంటూ వెళ్లాడు, అదే వేగంతో, ఊపిరి బిగబట్టి, వేలి కొస అరిసెల డబ్బా అంచుకి తగిలేదాకా.